పేరు లేని మూడు ఆటలు

స్కాట్లండు పాత పత్రికల్లో ఆటల పేజీలు తిరగేసేవాళ్లకి ఒక ఆటగాడు మాటిమాటికీ తగులుతుంటాడు. ఊరూరా ప్రతి క్లబ్బుకీ ఆడాడు. ఒకే శనివారం మధ్యాహ్నం మూడు ఊళ్లలో ఆడి, మూడు చోట్లా గోల్ కొట్టిన రోజులు కూడా ఉన్నాయి. 1930లో కొట్టాడు, 1970లోనూ కొట్టాడు. వయసు మీద పడలేదు, కాలు విరగలేదు, పెళ్లాం పిల్లల ఊసు ఎక్కడా రాలేదు. అతని పేరు ట్రయలిస్ట్.

ఇంకా క్లబ్బులో చేరనివాణ్ణి మూడు ఆటల దాకా ఆడించి చూసుకోవచ్చని అక్కడి నియమం. ఆ మూడు ఆటల్లో వాడి పేరు పత్రికవాళ్లకి చెప్పరు. చెబితే సోమవారం పొద్దున్నే పక్క క్లబ్బువాడు వాళ్లింటి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడతాడు. అందుకని పేరుండవలసిన చోట ట్రయలిస్ట్ అని వేస్తారు. నాలుగో ఆటకి వాడికి పేరన్నా వస్తుంది, లేదా వాడు మాయమన్నా అయిపోతాడు. సెయింట్ ఆండ్రూస్‌లో కూలిపోయిన పెద్ద చర్చి రాళ్లని దగ్గరగా చూస్తే, చెక్కిన మేస్త్రీలు తమ గుర్తుగా గీసుకున్న చిన్న గీతలు కనిపిస్తాయి. ఒకడిది బాణం, ఒకడిది నక్షత్రం. అక్షరం ముక్క రానివాడు కూడా ఈ రాయి నాది అని ఎనిమిది వందల ఏళ్ల కిందట చెప్పుకుని పోయాడు. ట్రయలిస్టుకి ఆ పాటి గీత కూడా దక్కదు.

ఆర్చీ మీకిల్ బతుకు అటువంటి ఒక ట్రయలిస్టు దగ్గర గడియారం ముల్లు విరిగినట్టు ఆగిపోయింది. పైకి చూసేవాళ్లకి అది ఎక్కడా కనబడదు. ఫైఫ్ గనుల మధ్య ఉన్న కార్న్‌బీత్‌లో ఆర్చీ అంటే పెద్దపేరు. తండ్రీ తాతా బొగ్గు తవ్వినవాళ్లు. ఇతను పదిహేడో ఏట గ్లాస్గోలో ఒక పెద్ద క్లబ్బు వాళ్ల కంటపడి గని తప్పించుకున్నాడు. అక్కడ ఐదేళ్లున్నాడు, పెద్ద జట్టులో ఆడింది మాత్రం పదకొండు ఆటలు. ఆ తరవాత ఇంగ్లండు ఉత్తరాన పొగగొట్టాల ఊళ్లలో ఆరేళ్లు. పెళ్లాం ఇజ్బెల్‌తో అద్దె ఇళ్లు మారీ మారీ, ఇరవై ఎనిమిదో ఏట సొంత ఊరికొచ్చి కార్న్‌బీత్ థిజిల్ జట్టులో చేరాడు. చొక్కా నంబరు ఎనిమిది. ముప్పై రెండో ఏట, సీజను మధ్యలో మేనేజరు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే, కమిటీవాళ్లు ఆర్చీని పిలిచి, "ఆడుతూనే జట్టును కూడా చూసుకో" అన్నారు.

మేనేజరును అక్కడ గాఫర్ అంటారు. గాఫర్‌గా ఆర్చీకి ఒకటే పని కష్టంగా ఉండేది. శుక్రవారం సాయంత్రం జట్టు కాగితం రాసి, బట్టలు మార్చుకునే గది తలుపుకి గుండుపిన్నుతో గుచ్చాలి. పదకొండు పేర్లు రాయడం తేలికే. పేరు లేని పన్నెండోవాడు ఆ కాగితాన్ని రెండోసారి, మూడోసారి పైనుంచి కిందికి చదువుకోవడం చూడాలి, అదీ కష్టం. అందుకని గుచ్చేసి, బూట్ల గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. ఇంకో అలవాటు కూడా ఉండేది, దాన్ని ఎవరూ గమనించలేదు. కాగితం మీద ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టేవాడు కాదు. ముందు ఎనిమిదో గీత మీద మీకిల్ అని రాసుకుని, తరవాత మిగతా జట్టును దాని చుట్టూ కట్టేవాడు.

1971 ఫిబ్రవరిలో అతని చీలమండ బెణికింది. మూడు వారాలు కదలొద్దన్నారు. ఎనిమిదో గీత ఖాళీ అయింది.

నినియన్ బెయిర్డ్‌ను పక్క పల్లె జట్టులోంచి తెచ్చింది ఆర్చీయే. ఇరవై మూడేళ్లవాడు, పగలు గనిలో బొగ్గు తవ్వే పని. సన్నగా, కొంచెం గూనిగా ఉండేవాడు. బంతి కాలికి తగిలాక మాత్రం ఆ గూని ఏమైపోయేదో తెలియదు. మొదటి ఆటలో రెండు గోల్స్. రెండో ఆటలో ఒకటి. మూడోది, మార్చి పదమూడున, పట్టికలో అందరికన్నా పైనున్న జట్టుతో. బురద మైదానం, అడ్డంగా కొట్టే వాన. ఆట మొదలైన అరగంటకి నినియన్ ముగ్గుర్ని దాటి, గోలీని కూర్చోబెట్టి, బంతిని నడిపించుకుంటూ లోపలికి తీసుకెళ్లాడు. జనం పాట ఎత్తుకున్నారు. పేరు తెలిసినా నియమం నియమమే కాబట్టి, నవ్వుకుంటూ "ట్రయలిస్ట్! ట్రయలిస్ట్!" అని పాడారు.

ఓవర్‌కోటు వేసుకుని బెంచీ మీద కూర్చున్న ఆర్చీ కూడా చప్పట్లు కొట్టాడు. కొడుతూనే ఒక సంగతి గ్రహించాడు. ఆ పరుగు, ఆ మలుపు, ఎదుటివాడి బరువు ఏ కాలి మీదుందో చూసి రెండో వైపు జారిపోవడం, ఇదంతా గ్లాస్గోలో తను చేయాలనుకున్నది. పదకొండు ఆటల్లో ఒక్కసారి కూడా చేయలేకపోయింది. చీలమండ నయమై వచ్చినా, ఆ ఎనిమిదో గీత మీద బుద్ధున్న గాఫర్ ఎవడూ మీకిల్ అని రాయడు.

సోమవారం సాయంత్రం కమిటీ కూర్చుంది. ఎప్పటిలాగే కార్యదర్శి క్యాత్‌కార్ట్ గారి బట్టల కొట్టు వెనక గదిలో, గుడ్డ తానుల మధ్య. క్యాత్‌కార్ట్ ప్రొటెస్టంటు చర్చి పెద్ద, తెల్లటి కాలరు, పలకరిస్తే రెండు ముక్కల్లో జవాబు చెప్పే మనిషి. ఊళ్లో రెండు బళ్లున్నాయి, కాథలిక్కు పిల్లలకి ఫాదర్ల బడి, ప్రొటెస్టంటు పిల్లలకి రెండో బడి. రెండు బళ్ల పిల్లల బట్టలూ ఆయన దగ్గరే కుట్టించుకునేవారు. అధ్యక్షుడు బీటన్‌ది శవపేటికల వ్యాపారం. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఆడతాడు, కాదనను. ఇంతకీ ఏ బడిలో చదివాడు?"

ఆ ఊళ్లో బడి పేరు అడిగితే గుడి పేరు అడిగినట్టే. నినియన్ ఫాదర్ల బడిలో చదివాడని బీటన్‌కీ తెలుసు. థిజిల్ జట్టులో అప్పటిదాకా ఆ బడివాడు లేడు. రాతపూర్వకంగా ఏమీ లేదు, అలా జరుగుతూ వచ్చింది, అంతే.

క్యాత్‌కార్ట్ కలం కింద పెట్టాడు. "బంతికి బడి తెలుసా, బీటన్? నా కొట్టు అద్దాల్లో రెండు బళ్ల టైలూ పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కొట్టుకోలేదు."

"అది కాదయ్యా, మైదానంలో గొడవైతే..."

"గొడవైతే నీకే లాభం కదా. పెట్టెలు అమ్మేది నువ్వేగా."

బీటన్‌తో సహా అందరూ నవ్వారు. చేతులెత్తారు. క్యాత్‌కార్ట్ చేర్చుకునే ఫారం తీసి, క్లబ్బు ముద్ర కొట్టి, ఆర్చీ చేతికిచ్చాడు. "రేపే సంతకం పెట్టించండి, మీకిల్ గారూ. ఇటువంటివాడు మళ్లీ దొరకడు." ఆర్చీ దాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం సాయంత్రం నినియన్ గని నుంచి తిన్నగా మైదానానికొచ్చాడు. మొహం కడుక్కున్నా కనురెప్పల అంచున కాటుక దిద్దినట్టు బొగ్గు మిగిలే ఉంది. ఆర్చీ బూట్ల గదిలో ఉన్నాడు. ఆ పొద్దున లేచి నిలబడితే చీలమండ నొప్పి అనిపించలేదు. మెట్లు దిగినా అనిపించలేదు. ఈ ఒక్క సీజను, అనుకున్నాడు. ఇంకో ఎనిమిది ఆటలు. వేసవిలో వీణ్ణి చేర్చుకుందాం, ఎక్కడికి పోతాడు?

"ఏమన్నారు గాఫర్?"

జేబు మీద చెయ్యి వేసుకుని ఆర్చీ అన్నాడు: "కమిటీ ఒప్పుకోలేదు, నిన్."

నినియన్ కాసేపు బూట్ల వరస వంక చూశాడు. "ఏ బడి అని అడిగారా?"

"అడిగారు."

ఆ ఒక్క మాటా నిజం. బీటన్ నిజంగానే అడిగాడు. ముప్పై మూడేళ్ల పాటు అబద్ధం ఊడిపోకుండా పట్టుకున్న మేకు ఆ నిజమే.

"కాగితాలన్నీ క్యాత్‌కార్ట్ చేతిలోనే ఉంటాయిగా," అన్నాడు నినియన్ తనలో తను అనుకుంటున్నట్టు. "చర్చి పెద్ద. ఇంకేం ఒప్పుకుంటాడు." ఆర్చీ అవుననలేదు, కాదనలేదు. "నువ్వు నా తరఫున మాట్లాడుంటావు గాఫర్. నాకు తెలుసు. నీ మేలు మర్చిపోను." చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

తరవాతి సోమవారం ఆర్చీ కమిటీతో చెప్పాడు: "రానన్నాడు. ఇంట్లో ఇష్టం లేదట." క్యాత్‌కార్ట్ ఆ మాట పుస్తకంలో రాశాడు. "మనం ఇంకాస్త మర్యాదగా అడగవలసిందేమో" అని మాత్రం అన్నాడు.

మరే ఊళ్లోనైనా ఈ అబద్ధం వారం బతికేది కాదు. ఎవడో ఒకడు ఎవడో ఒకణ్ణి అడిగేవాడు. కార్న్‌బీత్‌లో జనం పక్కింట్లో ఏం కూర వండారో తలుపు తట్టి మరీ అడుగుతారు. బడి సంగతి మాత్రం అడగరు. అడక్కపోవడం అక్కడ మర్యాద. కారణం అందరికీ ముందే తెలుసు కాబట్టి, తెలిసిన కారణాన్నే అందరూ నమ్మారు. నినియన్ తల్లి క్యాత్‌కార్ట్ కొట్టుకి వెళ్లడం మానేసింది. ఆమె అక్కచెల్లెళ్లు మానేశారు. ఏడాది తిరిగేసరికి ఫాదర్ల బడి తల్లులు పిల్లల బట్టల కోసం బస్సెక్కి డన్‌ఫర్మ్‌లిన్ వెళ్లడం మొదలుపెట్టారు.

శనివారం ఎనిమిదో నంబరు చొక్కా వేసుకుని ఆర్చీ మైదానంలోకి దిగితే, జనం నిలబడి చూసే గట్టు మీంచి ఒకడు అరిచాడు: "మీకిల్! మా ట్రయలిస్టును ఏం చేశావురా? కొరుక్కు తిన్నావా?" జనం గొల్లుమన్నారు. ఆర్చీ కూడా చెయ్యూపి నవ్వాడు.

ఆ సీజను గడిచింది. కొత్త సీజనులో ఎనిమిదో ఆటకి మోకాలు తిరిగిపోయింది, ఈసారి మళ్లీ ఆడలేనంతగా. వారం తరవాత చేతికర్ర పట్టుకుని నినియన్ ఉండే వీధి మలుపు దాకా వెళ్లాడు. కమిటీ మనసు మార్చుకుందని చెబుదామనుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు. అలా చెబితే నినియన్ క్యాత్‌కార్ట్‌కి ఎదురుపడతాడు. ఎదురుపడితే ఇద్దరూ ఒకరి మాట ఒకరు వింటారు. ఆర్చీ కర్ర తిప్పుకుని ఇంటికొచ్చేశాడు. ఫారం కోటు జేబులోనే ఉంది. ఒకసారి ఇజ్బెల్ కోటు ఉతకబోతూ, "ఇదేదో కాగితం, పారేయనా?" అని అడిగితే, లాక్కున్నంత పని చేశాడు.

ఆడటం ఆగిపోయాక ఆర్చీ మంచి గాఫర్ అయ్యాడు. పదహారేళ్లు చేశాడు. జట్టును పై తరగతి పోటీలకి ఒకసారి తీసుకెళ్లాడు, కప్పు పోటీలో క్వార్టర్ ఫైనల్ దాకా ఒకసారి. అతని గురించి ఆటగాళ్లు చెప్పుకునే పెద్ద మాట వేరే ఉంది. తలుపు మీద కాగితం గుచ్చడం మానేశాడు. ఎవణ్ణి తీసేస్తే వాణ్ణి పక్కకి పిలిచి, మొహం చూసి, కారణం విప్పి చెప్పేవాడు. "మీకిల్ లాంటి మెత్తని గాఫర్ లేడు" అనేవాళ్లు. అది మెత్తదనం కాదని అతనికి తెలుసు.

ప్రతి శనివారం రెండు చోట్లకి మాత్రం కళ్లు పోకుండా చూసుకునేవాడు. ఉత్తరం గోల్ వెనక, మాంసం కూరిన పైలు అమ్మే బడ్డీ పక్కన నినియన్. గట్టు మీద ఎవడైనా ఆర్చీని తిడితే నినియనే అడ్డుపడేవాడు: "నోర్ముయ్‌రా! గాఫర్ గురించి నీకేం తెలుసు? నా కోసం కమిటీతో పోట్లాడిన మనిషి." రెండోది, మైదానాన్ని రెండు చేసే సగం గీత దగ్గర, గట్టు మీద క్యాత్‌కార్ట్. నల్ల గొడుగు వేసుకుని, అటూ ఇటూ పదేసి అడుగుల ఖాళీ మధ్య ఒక్కడే నిలబడేవాడు. ఫాదర్ల బడివాళ్లు ఆయన్ని చూసి మొహం తిప్పుకునేవాళ్లు. మిగిలినవాళ్లు ఆయన పక్కన నిలబడితే ఎందుకొచ్చిన గొడవ అనుకునేవాళ్లు.

ఒకసారి ఆట అయ్యాక ఇంటికి నడుస్తూ క్యాత్‌కార్ట్ అడిగాడు. "ఫాదర్ల బడి ఆకుపచ్చ టైలు ఈ ఏడు ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు, మీకిల్ గారూ. నేనెప్పుడైనా ఎవరినైనా నొప్పించానా? మీరు నలుగురిలో తిరిగే మనిషి, మీ చెవినేమైనా పడిందా?"

"కాలం అలా ఉందండీ. అందరూ బస్సెక్కి పెద్ద కొట్లకి పోతున్నారు."

"అంతేనంటారా?"

"అంతే."

క్యాత్‌కార్ట్ తేలికపడ్డట్టు తలూపాడు. ఆ తలూపడం ఆర్చీకి ఇరవై ఏళ్లు కలలోకొచ్చింది.

2004 చలికాలం చివర్లో క్యాత్‌కార్ట్ పోయాడు. చర్చిలో ముప్పై మంది కూడా లేరు. ఫాదర్ల బడి వైపు నుంచి ఒక్కరూ రాలేదు. ఆ వేసవిలోనే క్లబ్బుకి వందేళ్లు. కొత్తగా కట్టిన స్టాండుకి మీకిల్ పేరు పెడుతున్నామని, ఆగస్టులో మొదటి ఆట రోజున ఆవిష్కరణ అని కమిటీవాళ్లు ఆర్చీకి చెప్పి వెళ్లారు. పరదా లాగేది ఎవరన్నది అభిమానులు ఓటేసి తేల్చారు. ఆ మాట చెప్పడానికి నినియన్ స్వయంగా ఇంటికొచ్చాడు. గని మూతపడ్డాక స్కూలు బస్సు నడుపుతున్నాడు. గూని పెరిగింది.

"నేనే లాగుతున్నా, గాఫర్! రెండు ముక్కలు మాట్లాడమన్నారు కూడా. రాసుకొచ్చా, వింటావా?" అని కాగితం విప్పాడు. "ఆర్చీ మీకిల్ కింద నేను మూడు ఆటలే ఆడాను. పత్రికలో నా పేరు రాలేదు. కానీ ఒక మంచి మనిషి నా పక్షాన నిలబడ్డాడు, అది చాలు..." ఆగి, "మరీ ఎక్కువైందా ఇజ్బెల్?" అన్నాడు.

"ఎక్కువే. ఇది వింటే ఈయన టోపీ తలకి పట్టదు" అంది ఇజ్బెల్ టీ పోస్తూ. తరవాత మొగుడి మొహం చూసి కెటిల్ కింద పెట్టింది. "ఏమైంది? వంట్లో బాలేదా?"

"బానే ఉంది" అన్నాడు ఆర్చీ.

ఆ వారమే క్యాత్‌కార్ట్ కూతురు ఎల్స్‌పెత్ వీధిలో ఆపింది. తండ్రి కొట్టులో సగం అద్దెకిచ్చేసి, మిగతా సగంలో ఊలు దారాలూ బొత్తాలూ అమ్ముకుంటోంది. లోపలికి పిలిచి ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టింది. "నాన్న రాసిన కమిటీ పుస్తకం, మీకిల్ గారూ. వందేళ్ల పండగకి అద్దాల పెట్టెలో పెడతారటగా. మీరే పట్టుకెళ్లి ఇవ్వండి. నాన్నకి మీరంటే గౌరవం."

ఇంటికి తెచ్చి, వంటగది బల్ల మీద తెరిచాడు. మార్చి పదిహేను, 1971. కుదురైన దస్తూరీ. "ఎన్. బెయిర్డ్‌ను చేర్చుకొనుటకు అందరూ సమ్మతించిరి. ప్రతిపాదించినవారు: కార్యదర్శి. ఫారము మేనేజరునకు ఇవ్వబడినది." తరవాతి పేజీలో: "బెయిర్డ్ నిరాకరించినట్లు మేనేజరు తెలిపిరి." దాని కింద, కమిటీ పుస్తకంలో ఉండకూడని ఒక్క మాట: "విచారము."

ఒక్క ఆకు. చింపితే చప్పుడు కూడా పెద్దగా కాదు. అద్దాల పెట్టెలో పెట్టే పుస్తకాన్ని తెరిచి చదివేవాళ్లు ఎవరుంటారు? చింపకపోయినా ఏమీ కాదు. ఆర్చీ భయపడింది ఎవరైనా చదువుతారని కాదు. ఎవరూ చదవరని, నినియన్ ఆ కాగితం చూసుకుంటూ తన గురించి మంచి మాటలు మాట్లాడతాడని, తను స్టాండులో కూర్చుని వింటాడని. పాత కోటు ఇంకా బీరువాలోనే ఉంది. జేబులోంచి ఫారం తీసి ఆ పేజీలో పెట్టి పుస్తకం మూశాడు.

నినియన్ ఊరి చివర పావురాలు పెంచుతాడు. జులై నెలలో ఆ శనివారం పందెం రోజు. ఎక్కడో ఇంగ్లండులో వదిలిన పక్షులు ఇంటికి రావాలి. దిగినదాని కాలి ఉంగరం తీసి గడియారంలో వేస్తేనే లెక్కకొస్తుంది. అది గూట్లోకి దూరేదాకా కింద మనిషి కదలకూడదు, గొంతెత్తకూడదు. ఆర్చీ వెళ్లేసరికి నినియన్ బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఆకాశం చూస్తున్నాడు.

"మెల్లిగా కూర్చో గాఫర్. వచ్చే వేళైంది."

ఆర్చీ కూర్చోలేదు. పుస్తకం తెరిచి అతని ఒళ్లో పెట్టాడు. నినియన్ కళ్లద్దాలు తీసి తగిలించుకుని చదివాడు. ఫారం తిరగేసి ముద్ర చూశాడు. మళ్లీ చదివాడు. జట్టు కాగితాన్ని రెండోసారి చదివేవాడిలాగే.

"ఇదేమిటి?"

"కమిటీ ఒప్పుకుంది నిన్. అడ్డుపడింది నేను. ఎనిమిదో నంబరు నాకు కావాలి. నువ్వు నాకన్నా బాగా ఆడావు. వాళ్లకి నువ్వే రానన్నావని చెప్పాను."

దక్షిణం నుంచి ఒక చుక్క కనబడింది, పెద్దదైంది, పావురమై గూటి కప్పు మీద వాలింది. నినియన్ కదల్లేదు. నోట్లోంచి మాట గుసగుసగానే వచ్చింది, ఇన్నేళ్ల అలవాటు.

"ఆడలేకపోయిన దానికి ఏడవను. ఎంత ఆడేవాణ్ణో ఎవడు చూశాడు, రెండేళ్లకి నా కాలూ విరిగేదేమో. క్యాత్‌కార్ట్ సంగతి చెప్పు."

"ఆయనే నీ పేరు ముందుకి పెట్టింది."

"ఒకసారి, నాకు మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు, బస్టాపులో వాన. ఆయన ఏమీ అనకుండా గొడుగు నా మీదికి వంచాడు. నేను పక్కకి జరిగాను. తడుస్తూ నిలబడ్డాను. ఆయన చూస్తూ ఉండిపోయాడు." నినియన్ ఫారాన్ని మళ్లీ పేజీలో పెట్టి పుస్తకం మూశాడు. "మా అమ్మ చచ్చేదాకా ఆ కొట్టు గడప తొక్కలేదు. నా పిల్లలకి ఆ మనిషిని చూపించి, అదిగో అటువంటివాళ్లు ఉంటారు జాగ్రత్త అని చెప్పాను. ఆయన చచ్చిపోతే చర్చి ముందు నుంచి బస్సు పోనిచ్చాను, ఆపలేదు. నా చేత చేయించావు గదా ఇదంతా, నువ్వు!"

"నిన్..."

"అరిచేవాణ్ణి. పక్షి బెదురుతుందని ఊరుకున్నా."

పావురం కప్పు మీద రెండడుగులు వేసి, గూట్లోకి దూరింది. కాలికి ఉంగరం అలాగే ఉంది. గడియారం నినియన్ కాళ్ల దగ్గర టిక్కుటిక్కుమంటోంది. అతను లేవలేదు.

"ఆవిడకి చెప్పావా? ఎల్స్‌పెత్‌కి?"

"ముందు నీకే చెబుదామని..."

"వెళ్లి చెప్పు, మీకిల్."

గాఫర్ అనలేదు. ముప్పై మూడేళ్లలో మొదటిసారి.

ఎల్స్‌పెత్ బొత్తాలు రంగుల వారీగా ఏరుతూ అంతా విన్నది. మధ్యలో ఒకావిడ ఊలు కోసం వస్తే కొలిచి ఇచ్చి పంపించింది. ఆర్చీ ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

"చివరి రోజుల్లో నాన్న అడుగుతూ ఉండేవాడు," అంది ఆమె. "ఆ బెయిర్డ్ ఎందుకు రానన్నాడో, తను మర్యాదగా పిలవలేదేమో అని. మతి తప్పి ఏదో అంటున్నాడనుకున్నా." బొత్తాల డబ్బా మూత బిగించింది. "నాకు క్షమాపణ చెప్పి మీరు ఇంటికెళ్లి పడుకుంటారు. నాన్న నిలబడింది నా కొట్లో కాదు మీకిల్ గారూ. మైదానంలో నిలబడ్డాడు, నలుగురి ముందు."

ఆ సాయంత్రం ఇజ్బెల్‌కి చెప్పాడు. "ఆ కాగితం పారేయనా అన్నాను గదా అప్పుడే" అంది ఆమె. తిట్టిందో జాలిపడిందో అతనికి తెలియలేదు.

ఆగస్టులో మొదటి ఆట రోజు ఎండ కాసింది. నాలుగొందల మంది వచ్చారు. కొత్త స్టాండు నెత్తిన ఎర్ర పరదా, దానికొక తాడు. స్టాండు పక్కన చిన్న గదిలో మైకు పట్టుకుని జట్ల పేర్లు చదివే టామ్ రస్టన్, ఆర్చీ తలుపు తీయగానే గాభరాపడ్డాడు.

"నువ్వు అక్కడ పైన ఉండాలి గదా పెద్దాయనా, సూటు గీటు వేసుకుని!"

"మైకు ఇలా ఇవ్వు, టామ్. జట్టు చదవాలి."

"చదివేశా ఇందాకే."

"ఇది వేరే జట్టు."

ఆర్చీ జేబులోంచి పాత పత్రిక ముక్క తీశాడు. కళ్లద్దాలు మర్చిపోయాడు, అవసరం పడలేదు. "కార్న్‌బీత్ థిజిల్, మార్చి పదమూడు, 1971" అన్నాడు. గొంతు గట్టు మీద తిరిగి తిరిగి వినబడింది. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాడు, వరసగా. ఏడు దాటాక ఆగాడు. "ఎనిమిది, నినియన్ బెయిర్డ్." తొమ్మిది, పది, పదకొండు. తరవాత కమిటీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "క్యాత్‌కార్ట్ గారు బెయిర్డ్ కోసం నిలబడ్డారు. అబద్ధం చెప్పింది నేను. ఈ ఊరు ముప్పై మూడేళ్లు తప్పు మనిషిని వెలివేసింది. మీకు నేనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు" అన్నాడు. ఇంకా ఏదో రాసుకున్నాడు గానీ ఆ కాగితం జేబులోంచి తీయలేదు.

అప్పుడు ఉత్తరం గట్టు మీంచి ఒక ముసలి గొంతు: "జట్టు చదవడానికి ముప్పై మూడేళ్లు పట్టిందటరా మీకిల్‌కి!" ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు పాకలేదు. ఒకడు ఉమ్మాడు. ఇంకెవరో చప్పట్లు మొదలుపెట్టి, తోడు రాక మానేశారు.

టామ్ మైకు ఆపేశాడు. ఆర్చీ కిటికీలోంచి పరదా వైపు చూశాడు. తాడు పట్టుకోవలసిన చోట ఎవరూ లేరు. పైల బడ్డీ పక్కన చూశాడు. అక్కడా నినియన్ లేడు. రాలేదనుకున్నాడు.

రిఫరీ ఈల వేశాడు. ఆట మొదలైంది. అప్పుడు కనబడ్డాడు, సగం గీత దగ్గర, క్యాత్‌కార్ట్ నిలబడే చోట. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా చేతిలో నల్ల గొడుగు ఉంది, ఎల్స్‌పెత్ ఇచ్చిందో ఏమో. వేసుకోలేదు, మడిచి కర్రలా పట్టుకున్నాడు. అటు పదడుగులు, ఇటు పదడుగులు ఖాళీ.

ఆ ఖాళీ ఆర్చీకి తెలుసు. పదహారేళ్లు బెంచీ మీంచి చూడకుండా తప్పించుకున్న ఖాళీ అదే. గది తలుపు తీసుకుని బయటికొచ్చి, గట్టు వెంబడి అటువైపు నడిచాడు. జనం దారిచ్చారు, ఒక్కరూ పలకరించలేదు. పదడుగుల దూరంలో ఆగాడు. నినియన్ తల తిప్పలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

థిజిల్ కొత్త కుర్రాడొకడు బంతి తీసుకుని ఇద్దర్ని దాటాడు. కాగితంలో అతని పేరు లేదు. "ఎవడ్రా వాడు?" అని వెనక ఎవరో అడిగితే, "ట్రయలిస్ట్" అన్నారింకెవరో.

"వాడి పేరు కనుక్కోండి" అన్నాడు నినియన్, ఆటవైపే చూస్తూ, ఎవరితోనూ కాకుండా.

ఆర్చీ ఆ పదడుగుల దూరంలోనే ఆట అయ్యేదాకా నిలబడ్డాడు. స్టాండు మీద పరదా గాలికి కొట్టుకుంటూనే ఉంది.